ముడిచమురుకు పోపు

మా స్టేషన్లో ముడిచమురును వంటకంగా గుర్తించిన రోజున నేను సెలవులో లేను. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఆ రోజు తాము సెలవులో ఉన్నామని తరువాత చాలామంది రాసిచ్చారు. వారిలో ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన పెద్దమనిషి కూడా ఉన్నారు.

మాది గోదావరి పాయ పక్కన, కొబ్బరితోటల మధ్య ఉన్న చిన్న పంపింగ్ స్టేషన్. చుట్టుపక్కల బావుల్లోంచి వచ్చే ముడిచమురు మా ట్యాంకుల్లో చేరుతుంది. దాన్ని వేడిచేసి, పంపు పెట్టి, గొట్టంలో శుద్ధి కర్మాగారానికి తోస్తాం. వేడిచేయడం ఎందుకంటే మా చమురులో మైనం ఎక్కువ. వెచ్చగా ఉన్నంతసేపు పల్చటి మజ్జిగలా పరుగెడుతుంది. చల్లబడిందంటే చలికాలపు నెయ్యిలా పేరుకుంటుంది, ఇక కదలమన్నా కదలదు. అందుకని హీటరు ముల్లు ఎప్పుడూ అరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. కాలేజీలో చదివిన రసాయన శాస్త్రంలో నాకు ఉద్యోగానికి పనికొచ్చిన ముక్క ఇదొక్కటే: వేడి పెరిగితే చిక్కదనం తగ్గుతుంది. ఈ మాత్రానికి కాలేజీ ఎందుకని నా భార్య శారద నవ్వేది. నెయ్యిగిన్నెను వేడివేడి అన్నం మూత మీద పెట్టినవాళ్లందరికీ అది తెలుసునట.

శారద పోయి కొన్నేళ్లయింది. అప్పటినుంచి నా మధ్యాహ్న భోజనం స్టేషన్ క్యాంటీన్లోనే. క్యాంటీన్ అంటే హీటరు షెడ్డుకు ఆనుకుని ఒక రేకుల గది, రెండు బల్లలు, ఒక పొయ్యి, ఆ పొయ్యి ముందు పల్లాలమ్మ. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది, మిరియాల చారు మాత్రం ఎంతో మెత్తనిది. శారద కర్మలు ముగిసి నేను డ్యూటీకి వచ్చిన మొదటి రోజున పల్లాలమ్మ నన్ను పరామర్శించలేదు. ఎలా జరిగిందని అడగలేదు. పొగలు కక్కే చారు గ్లాసులో పోసింది. అది ఖాళీ కాగానే, అడక్కుండానే మళ్లీ నింపి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి రోజూ అదే వరస. ఆ రెండో గ్లాసు గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ధనుర్మాసం మొదలైన రోజుల్లో ప్రధాన కార్యాలయం నుంచి శక్తి పొదుపు మహోద్యమం వచ్చింది. అది ఉత్తర్వు రూపంలో వచ్చింది, గోడపత్రికల రూపంలో వచ్చింది, చొక్కాకు గుచ్చుకునే బిళ్లల రూపంలోనూ వచ్చింది. సంస్థ ఆవరణల్లో ఉష్ణోగ్రతను నియంత్రించు పరికరములన్నియు ఇరవై నాలుగు డిగ్రీల వద్ద స్థిరపరచవలెను అన్నది ఉత్తర్వు సారం. బిళ్ల మీద పెద్దక్షరాలతో 24 అని ఉంది. ఫోనెత్తినవారు 'హలో' అనకుండా 'నమస్కారం, ఇరవై నాలుగు' అనాలి. ఒక్క క్యాంటీన్లకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు. ఉత్తర్వు రాసిన సంఘం సాయంత్రం టీ కోసం ఎదురుచూస్తూ ఆ వాక్యం చేర్చిందని చెప్పుకున్నారు.

మా స్టేషన్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ నా గదిలో ఉంది. అందులో పిచ్చుకలు కాపురముంటున్నాయి. కాబట్టి ఉత్తర్వు అమలైనట్టేనని నేను జవాబు రాశాను. పిచ్చుకలు కూడా అభ్యంతరం చెప్పలేదు.

వారం తిరక్కుండా పొదుపు విభాగం ముఖ్యాధికారి చక్రధర్ గారు స్వయంగా దిగారు. పల్చటి మనిషి. రెండు బిళ్లలు తెచ్చుకున్నారు, చొక్కాకు ఒకటి తమకు, జేబులో ఇంకొకటి ఎవరైనా మరిచిపోతే ఇవ్వడానికి. ఆయన ఏసీని చూడలేదు. తిన్నగా హీటరు దగ్గరికి వెళ్లి ముల్లు చూశారు. మొహంలో రంగు మారింది.

"ఇది ఏసీ కాదండి, హీటరు" అన్నాను.

"ఏసీ అని ఉత్తర్వులో ఎక్కడుంది? ఉష్ణోగ్రతను నియంత్రించు పరికరం అని ఉంది. ఇది నియంత్రిస్తోందా, లేదా?"

"నియంత్రిస్తోందండి."

"అరవై దగ్గర. అంటే అనుమతించిన దానికన్నా ముప్పై ఆరు డిగ్రీలు మీరు అదనంగా వాడుకుంటున్నారు."

ఆఫీసు కుర్చీలు ఇంటికి మోసుకుపోయేవాణ్ణి చూసినట్టు చూశారు. ముల్లు దించితే చమురు చిక్కబడుతుందని, గొట్టంలో గడ్డకడుతుందని నేను మనవి చేశాను. చక్రధర్ గారు ఓపిగ్గా విన్నారు. కళ్లజోడు తుడుచుకుని, "దక్షిణామూర్తిగారూ, స్నిగ్ధత, అంటే ఈ చిక్కదనం, చమురు వ్యక్తిగత విషయం. పొదుపు సంస్థ విధానం. వ్యక్తిగత విషయాల కోసం విధానాన్ని మార్చుకుంటూ పోతే సంస్థ ఏమవుతుంది?" అన్నారు.

పంపు ఆపరేటరు ఏసుపాదం పక్కనే నిలబడి ఉన్నాడు. "మరి పంపేమవుద్దండి?" అని అడిగాడు. దానికి చక్రధర్ గారు తమ జేబులోని రెండో బిళ్ల తీసి అతని చొక్కాకు గుచ్చారు. ముల్లు ఇరవై నాలుగుకు దించారు. దాని మీద కాగితం అంటించి, చెరగకుండా సంతకం చేశారు.

పంపు మర్నాటికి మూలగడం మొదలుపెట్టింది. ఆ మర్నాడు మూలగడం కూడా మానేసింది. ఏసుపాదం నమూనా తీద్దామని మూత విప్పితే చమురు రాలేదు. గరిటె పెట్టి తోడుకోవలసి వచ్చింది. నేను వెంటనే చక్రధర్ గారికి ఫోన్ చేశాను.

"నమస్కారం, ఇరవై నాలుగు" అన్నారాయన. నేను విషయం చెప్పాను. "అభినందనలు" అన్నారు. అప్పటికే ఆయన ముందు మా స్టేషన్ వివరాలు ఉన్నాయి. హీటరు గ్యాసు దాదాపుగా ఖర్చు కాలేదు. పంపు తిరగనందువల్ల విద్యుత్ ఖర్చు అసలు లేదు. సంస్థ మొత్తంలో ఇంత పొదుపు చేసిన స్టేషన్ ఇంకొకటి లేదట. ఉత్తమ పొదుపు స్టేషన్ షీల్డు మాకే వచ్చింది. దాన్ని పెట్టడానికి కదలని చోటు ఏదీ అని వెతికి, ఏసుపాదం పంపు మీద పెట్టాడు.

కానీ బావులకు ఉత్తర్వు అందలేదు. అవి చమురు ఇస్తూనే ఉన్నాయి. మా ట్యాంకులు నిండుతున్నాయి. అటు చివర శుద్ధి కర్మాగారంవారు ఖాళీ గొట్టం ముందు కూర్చుని రోజూ ప్రవాహం ఎంత అని అడుగుతున్నారు. నేను సున్నా అని రాసి పంపుతున్నాను. ప్రవాహం గడిలో సున్నా రాయడం సిబ్బంది మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందని, ఇకమీదట 'ప్రవాహం: సన్నాహంలో ఉంది' అని రాయాలని ఆదేశం వచ్చింది. అలాగే రాశాను. శుద్ధి కర్మాగారంవారు మాత్రం సన్నాహాన్ని శుద్ధి చేయలేమన్నారు.

అప్పుడు స్నిగ్ధతా నివారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు చక్రధర్ గారే. వేడి అనే మాట ఎత్తకుండా చిక్కదనం తగ్గించే మార్గాలు సూచించాలన్నది సంఘానికి అప్పగించిన పని. ఒక సభ్యుడు గొట్టాన్ని ఎండలోకి జరపమన్నాడు. ఇంకొకాయన చమురులో కలిపితే పల్చబరిచే సంకలిత ద్రావణాలు ఉంటాయని, అయితే అవి పరాయి దేశాల నుంచి రాకూడదని, స్వదేశీ సంకలితం కనిపెట్టాలని గట్టిగా పట్టుబట్టాడు. సంఘం ఆ మాటకు చప్పట్లు కొట్టి, స్వదేశీ సంకలితం కోసం ప్రకటన ఇచ్చింది. ఎవరూ ముందుకు రాలేదు. ఈలోగా దుప్పటి పరికరం కిందికి రాదని ఎవరికో తట్టింది. లారీ నిండా ఉన్ని దుప్పట్లు వచ్చాయి. కాలువ గట్టు వెంబడి పైకి కనిపించే గొట్టం పొడుగునా వాటిని చుట్టి తాళ్లతో కట్టాం.

తెల్లారేసరికి గొట్టం మీద తాళ్లు మాత్రం ఉన్నాయి. చక్రధర్ గారు విచారణకు వచ్చినప్పుడు నేనే ఆయన్ని గట్టు మీద తిప్పాను. కొబ్బరితోటల కాపలా ముసలాళ్లు, కాయలు వలిచే అవ్వలు, పడవ దాటించే మనిషి అందరూ నిండుగా ఉన్ని దుప్పట్లు కప్పుకుని మాకు నమస్కారాలు పెట్టారు. ఒక అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని నూరేళ్లు బతకమంది. నివేదికలో ఆయన 'దుప్పట్ల మూలంగా గొట్టపు పరిసరాల ఉష్ణోగ్రత గణనీయంగా మెరుగుపడినది' అని రాశారు. అందులో అబద్ధం లేదు. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద కోపం రావడం కష్టమైపోయింది.

ఆ విచారణ ముగించుకుని, చలికి వణుకుతూ ఆయన మా క్యాంటీన్లో కూర్చున్నారు. పల్లాలమ్మ ఉప్మా తెచ్చి ముందు పెట్టింది. ఆవిరికి ఆయన కళ్లజోడు మసకబారింది.

"ఇది ఎన్ని డిగ్రీలు?" అన్నారు, అలవాటు కొద్దీ.

"డిగ్రీలు నాకేటి తెలుస్తాయండి" అంది పల్లాలమ్మ. "ఏలెడితే కాలుద్ది, నోట్లో ఎట్టుకుంటే కాలదు. ఆయ్, తినండి, సల్లారిపోద్ది."

చక్రధర్ గారు రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్ద దగ్గర ఆగిపోయారు. పొయ్యి వంక చూశారు. గోడకు అటువైపున్న హీటరు వంక చూశారు. మళ్లీ పొయ్యి వంక చూశారు. నా ఉద్యోగ జీవితంలో ఒక విధానం పుట్టడం కళ్లారా చూసింది అప్పుడే.

క్యాంటీన్లకు మినహాయింపు ఉంది కదా. హీటరును క్యాంటీన్గా ప్రకటిస్తే? మరి ఉత్తర్వునే సవరిస్తే సులువు గదాండీ అని నేను అడిగాను. ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డారు. సవరిస్తే ఉత్తర్వు తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. "ఉత్తర్వులో తప్పు లేదు, దక్షిణామూర్తిగారూ. చమురు పొరపాటు విభాగంలో ఉంది" అన్నారు.

ఆ వారాంతానికి ముడిచమురు వంటకమైంది. మా హీటరు క్యాంటీన్ అయింది. గొట్టం వడ్డన మార్గమైంది. అంతా సవ్యంగానే ఉంది గాని చివర్లో ఒక చిన్న వాక్యం ఉంది. ఒక స్టేషన్కు ఒకే క్యాంటీన్ ఉండాలని పాత నిబంధన. ఆహార భద్రతా శాఖ తనిఖీ చేసి కొత్త క్యాంటీన్కు లైసెన్సు ఇచ్చిన రోజునుంచి పాత క్యాంటీన్ మామూలు గది అవుతుంది. మామూలు గదికి ఇరవై నాలుగు డిగ్రీలు వర్తిస్తుంది. అంటే పల్లాలమ్మ పొయ్యి ఆర్పేయాలి.

ఈ సంగతి ఆమెకు చెప్పే పని నామీద పడింది. గిన్నెలు తోముకుంటూ వింది.

"నా పొయ్యార్పేసి నూనెకొండుతారాండి?"

ఉద్యోగానికి ఏమీ కాదని చెప్పాను. వంటమనిషి లేని క్యాంటీన్ ఉండకూడదని నిబంధన చూపించి, చమురుకు వంటమనిషిగా ఆమె పేరే రాయించానని, జీతం యథాప్రకారం వస్తుందని చెప్పాను. ఆమె చేతిలో గిన్నె ఆగింది.

"మరి మీకో?" అంది.

స్టేషన్లో అందరం ఇళ్లకు దూరంగా ఉన్నవాళ్లమే. ఏసుపాదం ఊరు రెండు రేవులు దాటి ఉంది. నాకు ఇల్లు దగ్గరే గాని అక్కడ పొయ్యి వెలిగించే మనిషి లేదు. జీతం తీసుకుని ఊరికే కూర్చోవడం తన వల్ల కాదని, జనానికి వండకపోతే తానెవరని పల్లాలమ్మ ఆ పూటంతా గిన్నెలతో చెప్పింది. ఆ మోత నా గది దాకా వినిపించింది. ఏసీలో పిచ్చుకలు కూడా లేచిపోయాయి.

నాకు రెండు వైపులా ఇరకాటమే. లైసెన్సు రాకపోతే చమురు కదలదు, ట్యాంకులు పొర్లుతాయి, స్టేషన్ మూతపడుతుంది. వస్తే పొయ్యి ఆరుతుంది. తనిఖీ రోజున ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరుకున్నాను.

ఆహార భద్రతాధికారి ఫల్గుణరావు గారు తమ వృత్తిని దైవంగా కొలిచే మనిషి. చక్రధర్ గారు ఎదురెళ్లి 'నమస్కారం, ఇరవై నాలుగు' అంటే ఆయన 'చేతులు కడుక్కున్నారా?' అన్నారు. తెల్లకోటు వేసుకుని, తలకు వల కట్టుకుని, మా అందరికీ వలలు కట్టించి హీటరు షెడ్డులోకి నడిచారు. ఏసుపాదానికి గడ్డం ఉంది కాబట్టి దానికి వేరే వల.

"వంటకం పేరు?"

"ముడిచమురండి" అన్నాను.

"వడ్డన ఎక్కడ?"

"ఇక్కడ వడ్డించమండి. అంతా పార్సిలే."

ఆయన సంతృప్తిగా తల ఊపి, శాకాహారమా మాంసాహారమా అన్నారు. ఆకుపచ్చ చుక్క పెట్టాలో గోధుమరంగు చుక్క పెట్టాలో తేలితే గాని ముందుకు పోవడానికి లేదు. చక్రధర్ గారు నా వంక చూశారు. అక్కడ రసాయన శాస్త్రం చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో చచ్చిన సూక్ష్మజీవులు, నాచు, బురద కలిసి చమురవుతుందని నిజం చెప్పేశాను. ఫల్గుణరావు గారు 'జీవులు' అన్న మాట దగ్గర చెయ్యెత్తారు. ట్యాంకు మీద గోధుమరంగు చుక్క పెట్టించారు. నిల్వ ఉన్న సరుకా తాజాదా అన్న ప్రశ్నను చక్రధర్ గారు 'ఈ ఉదయమే పైకి తీశాం' అని దాటవేశారు.

"పోపు ఎక్కడ పెడతారు?"

పోపు లేదన్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తమ సర్వీసులో పోపు లేని వంటకం చూడలేదట. సరే, ఇప్పుడు లేకపోయినా ఎప్పుడైనా పెట్టదలుచుకుంటే దానికి ప్రత్యేకంగా ఒక పొయ్యి ఉండాలి, పోపు వేడివేడిగా సిద్ధం చేయాలి, వంటకంలో కలిపే ముందు సిబ్బంది దాన్ని రుచి చూడాలి. ఇవన్నీ ఆయన పైకి చదువుతూ మాకు వినిపించారు. అప్పుడు నేను సరిగా వినలేదు. ఎందుకంటే అంతలోనే వంటమనిషిని పిలవమన్నారు.

పల్లాలమ్మ తలకు వలతో వచ్చి నిలబడింది. వడ్డనకు ముందు వంటమనిషి వంటకాన్ని నోట్లో వేసుకుని చూపించాలి. ఫల్గుణరావు గారు ఒక గరిటెడు చమురు, నల్లటి పేరిన ముద్ద, ఆమె ముందుకు చాపారు. ఆమె ఆ ముద్ద వంక చూసింది. ట్యాంకు మీది చుక్క వంక చూసింది.

"ఇయ్యాల శనివారం అండి" అంది. "నేను నీసు ముట్టను."

ఆయన గరిటె దించేశారు. ఆయన కూడా శనివారాలు ఉంటారని మాకు తరువాత తెలిసింది. కానీ గరిటె దించేటప్పుడు ఆయన వేలు ముద్దకు తగిలింది. మొహం ఎర్రబడింది.

"ఇది చల్లగా ఉంది."

ఇరవై నాలుగు డిగ్రీలని చక్రధర్ గారు గర్వంగా చెప్పారు.

"వండిన పదార్థాన్ని ఇరవై నాలుగు దగ్గర ఉంచారా? మీ సంస్థలో మనుషుల ప్రాణాలంటే లెక్క లేదా? వంటకం ఏదైనా అరవైకి తగ్గడానికి వీల్లేదు. ఇప్పుడే, నా కళ్లముందే పెంచండి. లేకపోతే సీలు వేస్తాను."

చక్రధర్ గారు తమ సంతకం ఉన్న కాగితాన్ని తమ చేత్తోనే చించారు. ఆయన ముల్లును అరవైకి తిప్పుతున్నప్పుడు నేను ఆయన మొహం చూశాను. ఎప్పటినుంచో బిగించుకున్న చెప్పు విప్పినవాడిలా ఉన్నారు. మంట లేచింది. చమురు ముందు మెత్తబడింది, ఆ పైన జారింది, చివరికి పారింది. ఏసుపాదం షీల్డు తీసి కింద పెట్టి పంపు వేశాడు. సాయంత్రానికల్లా శుద్ధి కర్మాగారంవారు ఫోన్ చేసి, సన్నాహం చేరిందన్నారు. ఫల్గుణరావు గారు లైసెన్సు రాసిచ్చి, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

వెళ్లేముందు పల్లాలమ్మ పొయ్యిని ఆర్పించారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మాకు నియమం ప్రకారం వడ్డించింది. అన్నం ఎక్కడో వండి తెచ్చి, ఆరబెట్టి, ఇరవై నాలుగుకు వచ్చాక పెట్టింది. పప్పు మీద తొరక కట్టింది. చారు చల్లారితే చారు కాదు, చింతపండు కడిగిన నీళ్లు. అందరం తలలు వంచుకుని తిన్నాం. గోడకు అటువైపు ముడిచమురు అరవై డిగ్రీల్లో హాయిగా గలగలలాడుతూ పోతోంది. నా గ్లాసు ఖాళీ అయింది. పల్లాలమ్మ చూసింది. చారుగిన్నె దాకా చెయ్యి పోయింది గాని, ఎత్తలేదు. అలాంటి చారు రెండోసారి పోయడం ఆమెకు అవమానంగా తోచింది కాబోలు. మొహం అటు తిప్పుకుంది.

నేను నా గదికి వెళ్లి కూర్చున్నాను. పిచ్చుకలు తిరిగి వచ్చాయి. వాటి సందడి వింటూ, చాలాకాలం తరువాత శారదతో మాట్లాడినట్టు మనసులో మాట్లాడుకున్నాను. చమురుకు అన్నీ ఉన్నాయి, వంటమనిషి ఉంది, వేడి ఉంది, చుక్క కూడా ఉంది. పాపం, పోపే లేదు అనుకున్నాను. అలా అనుకోగానే లేచి నిలబడ్డాను.

ఫోన్ తీశాను.

"నమస్కారం, ఇరవై నాలుగు."

"చక్రధర్ గారూ, స్వదేశీ సంకలితం దొరికిందండి."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఏమిటది?"

"చింతపండు, మిరియాలు, జీలకర్ర ఆధారంగా తయారయ్యే జలద్రావణం."

"స్నిగ్ధత?"

"నీళ్లంతేనండి."

"పూర్తిగా స్వదేశీయేనా?"

"కరివేపాకు పెరట్లోది."

చమురు వంటకం గనుక దానిలో కలిపే సంకలితం పోపు కిందికి వస్తుందని, పోపుకు ప్రత్యేకంగా ఒక పొయ్యి ఉండాలని, అది వేడివేడిగా ఉండాలని ఫల్గుణరావు గారు అందరి ముందూ చెప్పారని గుర్తుచేశాను. పల్లాలమ్మ పొయ్యిని ముడిచమురు పోపు విభాగంగా ప్రకటిస్తే రెండో క్యాంటీన్ అనే సమస్యే ఉండదన్నాను.

"చమురులో ఎప్పుడు కలుపుతారు?"

"పరీక్షలు పూర్తయ్యాక. కలిపే ముందు సిబ్బంది రుచి చూడాలని నిబంధన కదండీ. రోజూ మధ్యాహ్నం చూస్తాం. గ్లాసులతో."

"పరీక్షకు వాడినదాన్ని మళ్లీ కలపకూడదు గదా?"

"కలపకూడదండి. నమూనా ఏమీ మిగలదు."

ఈసారి ఆయన గొంతు తగ్గించారు. "ఘన పదార్థాలతో కలిపినప్పుడు దాని ప్రవాహం ఎలా ఉంటుందో కూడా చూడాలి."

"అన్నంతో చూద్దామనుకుంటున్నామండి. పప్పుతో కూడా."

"ఉప్మాతో సరిపోల్చండి" అన్నారు. "ఉదయం పూట."

మూడో రోజున పొయ్యి వెలిగించుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. పల్లాలమ్మకు చదివి వినిపించాను. తన చారు ఇప్పుడు రసాయనమని, తాను పోపు విభాగం పర్యవేక్షకురాలినని విని ఆమె పెద్దగా ఏమీ చలించలేదు. "ఏదో ఒకటి అనుకోమనండి" అని అగ్గిపుల్ల గీసింది. ఏసుపాదం మాత్రం ఇన్నాళ్లూ తాను రసాయనం తాగుతున్నందుకు అదనపు భత్యం రావాలన్నాడు. "నోరు మూసుకుని పీట ఏసుకో" అంది పల్లాలమ్మ.

పరీక్షలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ప్రతి నెలా నేను నివేదిక పంపుతాను. 'ద్రావణపు స్నిగ్ధత అత్యల్పం. ప్రవాహం సంతృప్తికరం. తుది నిర్ణయానికి మరికొన్ని పరీక్షలు అవసరం.' చమురు దాని దారిన అది వేడిగా పోతోంది. స్నిగ్ధతా నివారణ సంఘం ఒక్క చుక్క సంకలితం కలపకుండానే చమురు పారుతున్నందుకు మా సంకలితానికి షీల్డు ఇచ్చింది. కాలువ గట్టు మీద అవ్వలు చక్రధర్ గారు ఎప్పుడొస్తారని నన్ను అడుగుతుంటారు.

మొన్న ఆయన వచ్చారు. తనిఖీ అన్నారు. చొక్కాకు బిళ్ల ఉంది గాని జేబులో రెండోది లేదు. ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. పల్లాలమ్మ గ్లాసు పెట్టింది. కళ్లజోడు మసకబారితే తుడుచుకోకుండా అలాగే తాగారు. గ్లాసు దించి, ఒక్క నమూనాతో నిర్ధారణకు రావడం శాస్త్రీయం కాదన్నారు. ఆమె నవ్వకుండా రెండో గ్లాసు పోసింది.

ఆ తరువాత నా దగ్గరికి వచ్చింది. నా గ్లాసు ఖాళీగా ఉంది. నేను అడగలేదు.